ఒకే డ్రమ్ములో మూడు ఇంజన్లు

నిజాంపట్నం,
ఆదివారం.

అక్కకు నీ చెల్లెలు రమీజా సలాం.

నువ్వూ బావా పిల్లలూ కులాసాగా ఉన్నారనుకుంటూ ఈ ఉత్తరం మొదలుపెడుతున్నాను. ఇక్కడ నేనూ మీ మరిదీ బాగున్నాం. ఒంట్లో ఏమీ లేదు. రెండు పూటలా తింటున్నాం. ముందు ఈ మాట చదువుకుని, మిగతాది తీరిగ్గా చదువు. ఫోనులోనే చెబుదామనుకున్నాను. నీ ఫోను స్పీకరు పెడితే తప్ప వినపడదు, స్పీకరు పెడితే మీ వసారాలో కూర్చున్నవాళ్ళందరూ వింటారు. వాళ్ళలో మా అత్తమ్మ కూడా ఉంటుంది. అందుకే రాస్తున్నాను.

మేం వచ్చి రెండు నెలలు దాటింది. ఇక్కడ గాలి ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఉతికిన బట్ట ఒక పట్టాన ఆరదు, ఆరాక కూడా చేతికి జిగటగా తగులుతుంది. చేపలు దండిగా దొరుకుతాయి గానీ వీళ్ళు పులుసులో వేసే కారం మనకు కారంలా అనిపించదు. ఇటు వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పండుమిరప పచ్చడి ఒక సీసా, మన కాయలు దంచిన కారం కొంచెం పంపు. చుట్టుపక్కల మనవాళ్ళు లేరు. శుక్రవారం ఆయన సైకిలు మీద మసీదుకు పోయి వస్తాడు. నాకైతే కౌంటరు దగ్గరికి వచ్చేవాళ్ళతోనే మాటలు.

మేమిద్దరం పనిచేసే బోటు ఇంజన్ల షాపులో ముందు గదికి అద్దాల తలుపులు. కొత్త బోటు ఇంజన్లు అక్కడ స్టాండ్ల మీద ఉంటాయి. కొనడానికి వచ్చినవాళ్ళకు ఏసీ, కూల్‌డ్రింకు. వెనక రేకుల షెడ్డు, మీ మరిది పని అక్కడే. బాగుచేయించుకోవడానికి వచ్చినవాళ్ళు షెడ్డులో నిలబడాలి. నా బల్ల రెండింటికీ మధ్యలో ఉంది. యజమాని ప్రసాదు గారు ముందు గది దాటి వెనక్కి రావడం అరుదు. మొదటి వారంలోనే ఒకాయన నన్ను అడిగాడు: "ఏందమ్మాయ్, కొనేనాడు మీ సారు నన్ను బావగారూ అన్నాడు. చెడిపోయినాక నువ్వెవరంటన్నాడు. నేను మారానా, మీ సారు మారాడా?" నవ్వాలో వద్దో తెలియలేదు. "పార్టు గుంటూరు నుంచి రావాలండి, రేపు కనుక్కోండి" అన్నాను. అదే నా ఉద్యోగం. రేపు కూడా అదే మాట చెబుతాను. ఇంజను షెడ్డులో ఉన్నన్నాళ్ళూ బోటు ఒడ్డునే ఉంటుంది కాబట్టి ఇక్కడ ఎవరూ మెల్లగా మాట్లాడరు. అలవాటైంది. దాని గురించి బెంగపెట్టుకోకు.

ఇప్పుడు అసలు సంగతి చెబుతాను. అర్థం కావాలంటే వీళ్ళ పని పద్ధతి కొంచెం తెలియాలి. చిన్న బోట్లకు ఇంజను వెనక తగిలిస్తారు. అది సముద్రం నీళ్ళు పీల్చుకుని, వాటితోనే చల్లబడి, ఆ నీళ్ళను పక్కనుంచి సన్నటి ధారగా వదులుతుంది. అందువల్ల లోపల ఉప్పు మిగులుతుంది. షాపుకు వచ్చిన ప్రతి ఇంజనునూ ముందు మంచినీళ్ళ డ్రమ్ములో దించి నడిపించాలి. లోపలి ఉప్పు డ్రమ్ములోకి వచ్చేస్తుంది. ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ నింపి, తర్వాతి ఇంజను దించాలి. కడగకుండా పక్కన పెడితే ఉప్పు ఎండి, నీళ్ళు పోయే దారి పూడుకుపోతుంది. ఒడ్డున కాసేపు నడిపిస్తే బాగానే ఉంటుంది. దూరం పోయాక వేడెక్కి ఆగిపోతుంది.

మీ మరిది చేతి పని నీకు తెలుసు. మన కనిగిరి చుట్టుపక్కల ఆయన విప్పి బిగించని ఆయిల్ ఇంజను లేదు. బోరు మోటార్లు వచ్చి ఆ పని పోయింది గానీ, చెయ్యి చెడ్డది కాదు. ఆ మాట ఇక్కడ కూడా ఒప్పుకున్నారు.

పోయిన సోమవారం పొద్దున షాపు తెరిచేసరికి ధనలక్ష్మి అనే ఆవిడ మెట్ల మీద ఉంది. వాళ్ళాయన రాంబాబు ముందురోజు తెల్లవారుజామున ఇంకో ఇద్దరితో వేటకు పోయాడు. సాయంత్రానికి రావాల్సినవాడు రాలేదు. ఫోను కలవడం లేదు. పార్టు కోసం చాలా రోజులు మా షెడ్డులో ఉన్న వాళ్ళ ఇంజనును ఆయన శనివారమే తీసుకుపోయాడు. వెతకడానికి రెండు బోట్లు బయలుదేరబోతున్నాయి.

ఆవిడ అరవలేదు. బల్ల మీద రెండు చేతులూ పెట్టి అడిగింది.

"బోట్లోళ్ళు ఒక్క ముక్క కనుక్కురమ్మన్నారు. ఇంజను ఆగిపోయే పని ఉందా, లేదా? బాగుంటే మావోడు చేపల కోసం తూర్పుగా లోపలికి పోయుంటాడు, అటు ఎతుకుతారు. ఆగిపోయుంటే నీటివాలుకి కొట్టుకుపోయుద్ది, ఇటు ఎతకాల. ఉన్నయ్యే రెండు బోట్లు, ఇడిపోతే ఏ పక్కా సరిగ్గా ఎతకలేరు."

ప్రసాదు గారు అప్పుడే లోపలికి వచ్చారు. "మా షాపులో చేసిన ఇంజను ఆగదమ్మా. గ్యారంటీ. మంచి చేపలు పడుంటాయి, అందుకే ఆలస్యం. రమీజా, ఈవిడకు టీ తెప్పించు."

"టీ తాగడానికి రాలేదు సారూ. ఆగదని చెప్పమంటారా?"

"చెప్పమ్మా. ధైర్యంగా చెప్పు."

ఆవిడ ఫోను తీసి ఒడ్డున ఉన్న వాళ్ళన్నయ్యకు అదే మాట చెప్పింది. ఫోను పెట్టేశాక నా మొహం చూసింది. నేను లేచి షెడ్డులోకి పోయాను.

అక్కా, నాకు అనుమానం ఎందుకొచ్చిందంటే, ఆ ముందు శుక్రవారం షెడ్డు నేల పొడిగా ఉంది. ఆ రోజు రెండు ఇంజన్లు కడిగానని మీ మరిది నాతో అన్నాడు. రెండు డ్రమ్ముల నీళ్ళు పోతే ఆ నేల బురద కావాలి. అప్పుడు చూశాను గానీ పట్టించుకోలేదు.

ఆయన ఒక ఇంజను మూత విప్పుతున్నాడు. పక్కన డ్రమ్ము నిండుగా ఉంది. నీళ్ళు తేటగా ఉన్నాయి.

"ఈ నీళ్ళు ఎప్పుడు పట్టావు?"

"ఎందుకు?"

"చెప్పు."

"ఇవే. మురికి కాలేదుగా. పైన నూనె తేలితే చేత్తో తీసేస్తన్నా."

"రాంబాబు ఇంజను ఇందులోనే కడిగావా?"

"అదీ, వెంకటేశు తాతదీ, ఇదీ, అంతకుముందువీ. అన్నీ ఇందులోనే. ఏం, డ్రమ్ముడు మంచినీళ్ళు నేలపాలు చేయమంటావా?"

వేలు ముంచి నాలిక మీద పెట్టుకున్నాను. ఉప్పగా ఉన్నాయి. ఆయన కూడా వేలు ముంచాడు. తర్వాత పానా కింద పెట్టేశాడు.

పారబోయాలని ఆయనకు మొదటిరోజే చెప్పారు. మురికైతే పారబోయాలనుకున్నాడు. చుక్క నీటికి కరువైన మన ఊళ్ళో ట్యాంకరు వచ్చిన రోజున బియ్యం కడిగిన నీళ్ళు కూడా ఏం చేసేవాళ్ళమో నీకు చెప్పక్కర్లేదు. కంటికి తేటగా కనపడే నీళ్ళను డ్రమ్ముతో సహా వంచడానికి ఆయనకు చెయ్యి రాలేదు. ఆయన చోట నేనున్నా నాకూ వచ్చేది కాదు. రాంబాబు ఇంజను ఉప్పునీళ్ళలో కడిగి, అలాగే అరమీద పెట్టి, పార్టు వచ్చాక బిగించి పంపాడు.

వెంకటేశు తాత ఇక్కడి బోట్లవాళ్ళలో పెద్దాయన, ఆయన ఇంజను శనివారం సాయంత్రం తీసుకుపోయారు. ఆ రోజు సముద్రం పోటెక్కగానే ఆయన బోటు వేటకు దిగుతుంది.

ముందు గదిలోకి పోయి ప్రసాదు గారికి చెప్పాను. ధనలక్ష్మి వినకూడదని ఆయన నన్ను అద్దాల తలుపు వెనక్కి రమ్మన్నారు.

"నీకేమన్నా మతి పోయిందా? అక్కడ ఏదన్నా జరిగితే, మనమే చేశామని మన నోటితో చెప్పినట్టు కాదూ?"

"ఇంజను ఆగి ఉంటే వాళ్ళు వెతికే వైపు తప్పు సార్."

"సాయంత్రం దాకా చూద్దాం. వాడే వస్తాడు. రాకపోతే అప్పుడు ఆలోచిద్దాం. నువ్వు నీ బల్ల దగ్గర కూర్చో. మీ ఇద్దరి ఉద్యోగమూ ఇక్కడే అన్నది గుర్తుపెట్టుకో."

ధనలక్ష్మి అద్దంలోంచి మమ్మల్నే చూస్తోంది. మా మాటలు ఆవిడకు వినపడవు. నేను తలుపు తీసుకుని బయటికి వచ్చి, "రా, ఒడ్డుకు పోదాం" అన్నాను. ఆవిడ ఎందుకని అడగలేదు. ఆటో ఎక్కాక చెప్పాను. ఇంజను ఆగి ఉండొచ్చు, నీటివాలు వైపు వెతకమని చెప్పు అన్నాను. ఆవిడ అన్నయ్యకు ఫోను చేస్తే ఆయన నమ్మలేదు. "ఇప్పుడేగా ఆగదని చెప్పావు. ఒక్కొక్కళ్ళు ఒక్కొక్కటి చెబితే ఎట్టా? బోట్లు లోపలికి పోయినయ్. వాళ్ళని ఎనక్కి మళ్ళించాలంటే ఎంకటేశు చెప్పాల, ఆళ్ళకి ఆయన మాటే మాట."

కాలవ దగ్గర వెంకటేశు తాత బోటు తాడు విప్పుతున్నాడు. ఇంజను నడుస్తోంది. ఒడ్డున చాలామంది ఉన్నారు.

"తాతా, బోటు ఆపు. ఆ ఇంజను తీసుకుపోవద్దు."

"నువ్వు బోట్ల షాపు బీబీవి కదూ. ఏం, బిల్లు తక్కువ రాశారా?" పక్కవాళ్ళు నవ్వారు.

"ఇంజను సరిగ్గా కడగలేదు. దూరం పోతే ఆగిపోతుంది. రాంబాబుదీ అంతే."

"ధార బాగానే వస్తంది, కళ్ళు లేవా నీకు? మీ సారు చెప్పాడా ఆపమని?"

"సారు చెప్పొద్దన్నాడు."

నవ్వులు ఆగాయి. తాత తాడు పట్టుకునే నా వైపు తిరిగాడు.

"కడిగింది ఎవరు?"

"మా ఆయనే. ఉప్పునీళ్ళతో కడిగాడు. నేను నోట్లో వేసుకుని చూశాను."

వాళ్ళలో ఒకడు, "సాయిబుని ఇటు పిలవండ్రా" అన్నాడు. తాత అతన్ని నోరు మూసుకోమని చెప్పి ఇంజను ఆపేశాడు. ఫోను తీసుకుని, లోపలికి పోయిన బోట్లలో ఒకదానికి అందుతుందేమోనని చాలాసార్లు ప్రయత్నించాడు. అందలేదు. ఇక ఇంకో బోటు ఇంజను విప్పించి తన బోటుకు తగిలించుకున్నాడు. "నీటివాలు దక్షిణానికి ఉంది. చీరాల పక్కకి పోయుంటారు. నేనే పోతా" అన్నాడు. ధనలక్ష్మి అన్నయ్య కూడా ఎక్కాడు. బోటు కాలవ సముద్రంలో కలిసే మొగ దాటి పోయింది.

ధనలక్ష్మి, నేను ఒక వలల కుప్ప మీద కూర్చున్నాం. ఆవిడ నన్ను పొమ్మనలేదు. మధ్యాహ్నం మీ మరిది నడుచుకుంటూ వచ్చాడు. ఆయన్ని చూసి నలుగురైదుగురు లేచారు. ఆయన ఎవరివైపూ చూడకుండా పోయి, ఒడ్డున దించిన తాత ఇంజను ముందు కూర్చుని విప్పడం మొదలుపెట్టాడు. ఒకడు భుజం మీద చెయ్యి వేసి లేపబోయాడు. ధనలక్ష్మి, "ఒదిలెయ్యండ్రా. ముందు మావోళ్ళు రానీ" అంది. అదొక్కటే ఆవిడ అన్న మాట. మావోళ్ళు రాకపోతే ఏమిటన్నది అక్కడున్న అందరికీ తెలుసు.

పొద్దు వాలుతుండగా తాత ఫోను చేశాడు. చీరాల వైపు, ఒడ్డు కనపడనంత దూరంలో దొరికారు. ఇంజను బిగుసుకుపోయింది. లంగరు తాడు తెగింది. తాగడానికి నీళ్ళు అయిపోయాయి. ముగ్గురూ బతికే ఉన్నారు. తాడు కట్టి లాక్కొచ్చారు. రాంబాబు బోటు దిగి నిలబడలేక ఇసకలో కూర్చున్నాడు. ధనలక్ష్మి ఆయనకు నీళ్ళు పట్టించి, ఏడ్చి, తర్వాత నా దగ్గరికి వచ్చింది.

"పొద్దున అడిగినప్పుడే చెప్పాల్సింది గదా అమ్మాయ్."

"అప్పటికి నాకు తెలియదు."

"మీ సారుకి తెలిసినాక?"

జవాబు కోసం ఆగకుండా మళ్ళీ రాంబాబు దగ్గరికి పోయింది.

ఆ రోజు నుంచి మీ మరిది నాతో మాట్లాడలేదు. అన్నం పెడితే తిన్నాడు. షాపుకు పోయాడు, వచ్చాడు. నిన్న కంచం ముందు కూర్చుని అడిగాడు.

"అందరి ముందూ మా ఆయనే అన్నావంట."

"అన్నాను."

"మా షాపోళ్ళు అంటే సరిపోయేది గదా."

"సరిపోయేది కాదు. షాపోళ్ళంటే మీ సారుతో మాట్లాడతానని తాత తాడు విప్పేవాడు. మొగుడి మీద ఏ ఆడదీ ఉత్తినే చెప్పదని ఆగాడు."

ఆయన అన్నం మళ్ళీ పెట్టించుకున్నాడు.

ఉద్యోగం పోయిందా అని నువ్వు అడుగుతావు. పోలేదు. ప్రసాదు గారు మర్నాడే మమ్మల్ని వెళ్ళిపొమ్మన్నారు. అదే పొద్దున షెడ్డు ముందు ఇంజన్లతో జనం వచ్చారు. ఈ రెండు నెలల్లో మీ మరిది చేతిలో పడినవన్నీ మళ్ళీ కడగాలన్నారు. కొత్త మెకానిక్కును పెడతానని ప్రసాదు గారు అంటే, ధనలక్ష్మి వాళ్ళన్నయ్య, "ఆ సాయిబే కడగాల. మేం ఎదురుగా నిలబడతాం" అన్నాడు. నిలబడ్డారు. ఒక్కో ఇంజనుకీ డ్రమ్ము వంచి, నింపి, మళ్ళీ వంచాడు. "ఇంకా పొయ్యి సాయిబూ, మీ తాత తవ్విన బావేం కాదు" అని ఒకడు, "ఆయనకి కన్నీళ్ళొస్తన్నాయిరా, ఆ నీళ్ళూ పట్టుకోండి" అని ఇంకొకడు. ఆయన డ్రమ్ము వంచుతూనే ఉన్నాడు. వీళ్ళు మన్నించారని నేను చెప్పను. ప్రసాదు గారు మా ఇద్దరితోనూ మాట్లాడటం లేదు. జీతం రోజున ఏమంటారో తెలియదు. ఎక్కడికి పోయినా ఆయనకు పని వచ్చు కాబట్టి నువ్వు దిగులు పడకు.

ఒక్క సాయం అడుగుతున్నాను. ఇక్కడ ఐసు లారీలు నడిపేవాళ్ళలో మనవైపు వాళ్ళు ఉన్నారు. ఈ కథ వాళ్ళ నోట కనిగిరి చేరుతుంది. అత్తమ్మ చెవిన ఎవరి నోటనో పడకముందే నువ్వే మెల్లగా చెప్పు. కొడుకు పనిలో తప్పు పట్టినవాళ్ళు ఇంతవరకూ లేరు, ఆమె తట్టుకోలేదు. పెళ్ళామే బయటపెట్టిందని కూడా దాచకు.

ఇంతవరకూ రాసి, మీరేమన్నా రాస్తారా అని కాగితం ఆయన ముందు పెట్టాను. మొత్తం చదివాడు. నేను రాసినదాంట్లో ఏదీ కొట్టేయలేదు. "అమ్మకి వదినతో చెప్పించొద్దు. వచ్చే శుక్రవారం నేనే పోయి చెబుతా" అన్నాడు. కాబట్టి అత్తమ్మకు నువ్వేమీ చెప్పకు. ఆయన వస్తున్నాడని మాత్రం చెప్పు.

బావకు, అత్తమ్మకు మా సలాములు. పిల్లలకు ముద్దులు. నమాజులో మా ఇద్దరి కోసం దువా చెయ్యి.

నీ చెల్లెలు,
రమీజా