హమ్మూద్ ఇంటి జనాభా లెక్క

2017 ఫిబ్రవరి 6, సోమవారం

బట్టలు రెండు వాయిలు. బుర్గుల్ రవ్వ చెరిగి డబ్బాకెత్తాను. మామయ్య పక్క మార్చాను. పొయ్యి గొట్టంలో మసి దులిపాను. పెరుగు వడగట్టి ఉండలు చుట్టి ఆలివ్ నూనెలో వేశాను. చిరిగిన గొడుగు కుట్టాలి, కుదరలేదు.

కరెంటు వచ్చాక ఫోన్ చూస్తే బ్రెజిల్ నుంచి జవాబు.

వంశవృక్షాల సైట్‌లో మామయ్య ఇంటిపేరు పెట్టి ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నాను. ఇవాళ ఒకతను రాశాడు. పేరు వాగ్నర్. లొండ్రీనా అనే ఊళ్లో పళ్ల డాక్టర్లకు సామాను అమ్ముతాడట. అతని ముత్తాత అస్అద్, మా మామయ్య తండ్రి హమ్మూద్, సొంత అన్నదమ్ములు. అస్అద్ ఎక్కిన ఓడ జాబితా, ముసలితనంలో తీయించుకున్న ఫొటో పంపాడు. ఆ ఫొటోలో ఉన్నవి మా మామయ్య చెవులే.

అతనికి కావలసింది 1932 జనాభా లెక్కలో అస్అద్ పేరున్న రిజిస్టర్ నంబర్. మిగతా కాగితాలన్నీ ఉన్నాయట, అదొక్కటి దొరికితే లెబనాన్ పౌరసత్వం వస్తుంది. నాకు కావలసింది అదే లెక్కలో మా మామయ్య దియాబ్ పేరు. అది దొరికితే, ఇక్కడే పుట్టినా పౌరసత్వం లేని మామయ్యకి, మా ఆయన ఫవ్వాజ్‌కి, మా అమ్మాయి జుమానాకి వస్తుంది.

ఇద్దరం వెతికేది ఒకే పుట.

ఫిబ్రవరి 13

వంట పెందలాడే ముగించి రిజిస్ట్రీ ఆఫీసుకి వెళ్లాను.

గుమాస్తా మర్యాదస్తుడు, కాఫీ తెప్పించాడు. ఎవరి తరఫున అడుగుతున్నారమ్మా అన్నాడు. మా ఆయన తరఫున అన్నాను. ఆయన గుర్తింపు కార్డు చూపించమన్నాడు. కార్డు లేకనే కదా ఇక్కడికొచ్చింది అన్నాను. కార్డు లేని మనిషి మా లెక్కలో లేని మనిషమ్మా, లేని మనిషి తరఫున అర్జీ తీసుకోవడానికి లేదు అన్నాడు. లేని మనిషి ఇంటి దగ్గర కోళ్లగూడు బాగుచేస్తున్నాడు నాయనా అన్నాను. నవ్వాడు. నవ్వాక జాలి కలిగినట్టుంది, మీకు కార్డుంది కదా అని అమ్మాయినైనా రాసుకుందామంటే అదీ వీల్లేదు, పిల్లలకి తండ్రి నుంచే రావాలి, తల్లి నుంచి రాదు, మీకు తెలిసిందే అన్నాడు.

తెలిసిందే. పెళ్లికి ముందు మా అన్నయ్య ఈ మాటే చెప్పి అరిచాడు. అయినా నా కార్డు తీసి అతని బల్ల మీద పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు. కాసేపుంచి మళ్లీ పర్సులో వేసుకున్నాను.

ఫిబ్రవరి 28

జుమానాకి ఆస్పత్రి జీతం వచ్చింది. నర్సింగులో రెండో ర్యాంకు. కార్డు లేదు కనక లైసెన్సు లేదు, లైసెన్సు లేదు కనక ఆయా జీతం. సూదులు వేయడానికి మాత్రం తననే పిలుస్తారు.

మార్చి 9

వాగ్నర్ నుంచి అధికారపత్రం వచ్చింది, ఎర్ర సీలుతో. అతని ముత్తాత పేరు అతని తరఫున నేను వెతకవచ్చు. ఈ కాగితం చూపిస్తే అదే గుమాస్తా లేచి కుర్చీ జరిపాడు. ఇంకో వారం తర్వాత రమ్మన్నాడు.

మా ఆవిడ బ్రెజిల్ వాళ్లకి వకీలైంది, ఫీజు కింద కాఫీ గింజలు పంపుతారట అని ఫవ్వాజ్ కొట్టు దగ్గర అందరికీ చెప్పి నవ్వించాడట. కోళ్లగూడు పూర్తయింది.

మార్చి 21

మాతృదినం. జుమానా కేకు తెచ్చింది. మామయ్య రెండు ముక్కలు తిని, మూడోది ఇవ్వలేదని అలిగాడు.

మార్చి 23

దొరికింది.

పెద్ద పుస్తకం, అంచులు ఎలుకలు కొట్టాయి. పుట మాత్రం బాగుంది. కళ్లద్దాలు తుడుచుకుని ఉన్నదున్నట్టు రాసుకున్నాను. హమ్మూద్, ఇంటిపెద్ద, రైతు. భార్య నౌఫా. కూతురు వార్దె. కూతురు షంసె. కొడుకులు లేరు. తమ్ముడు అస్అద్, వలస, బ్రెజిల్.

అంతే.

పుట కింది దాకా చదివాను. తిప్పి వెనక చూశాను. పక్క ఇళ్లు కూడా చదివాను. పక్కింట్లో పేరు పెట్టని పసిపిల్లని కూడా రాశారు. మా ఇంట్లో అప్పటికి మూడేళ్ల మగపిల్లాడుండాలి, వాడు లేడు. సముద్రం దాటిపోయినవాడు ఉన్నాడు.

పేరుండేది, ఎవడో గుమాస్తా పుట పాడుచేశాడు అని నేను కాపురానికి వచ్చిన రోజు నుంచీ ఈ ఇంట్లో చెప్పుకుంటున్నారు. ఆ మాట మీదే ఇన్నేళ్లు గడిచాయి.

వాగ్నర్‌కి నంబర్ పంపాను. ఏడుస్తున్న బొమ్మలూ గుండె బొమ్మలూ పంపాడు. తర్వాత, మీ మామగారి పేరు కూడా ఉంది కదా అత్తా అని అడిగాడు. పొయ్యి మీద పాలున్నాయి, మళ్లీ మాట్లాడతానన్నాను.

మార్చి 24

ముప్పైరెండులో జనాన్ని లెక్కపెట్టడానికి వచ్చినప్పుడు మీరెక్కడున్నారు మామయ్యా అని అడిగాను.

గరిసెలో అన్నాడు.

ఈ కథ నాకు తెలుసు. ప్రతి పండక్కీ చెప్తాడు. సిపాయిలొస్తున్నారని వాళ్లమ్మ నౌఫా ఆయన్ని గోధుమల గరిసెలో కూర్చోబెట్టి మూత వేసిందట. కిక్కురుమంటే తోడేలొస్తుందని బెదిరించిందట. ఆయన భయపడి గోధుమల్లోనే ఉచ్చ పోశాడట. ఆ ఏడాది మా ఇంటి రొట్టె రుచే వేరని చుట్టాలందరూ మెచ్చుకున్నారట. పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వుతారు. కొత్త కోడలిగా నేనూ తలగుడ్డ అంచు అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ సిపాయిలెవరని ఒక్కరమూ అడగలేదు. సిపాయిలు కారు. పుస్తకం, కలం పట్టుకొచ్చిన ఇద్దరు మనుషులు.

మిగతాది ఇవాళ అడిగి చెప్పించాను. పెద్ద యుద్ధంలో టర్కీవాళ్లు ముందు ఊళ్లో మగపిల్లల్ని లెక్క రాసుకున్నారు, ఆ తర్వాత వచ్చి పటాలంలోకి పట్టుకుపోయారు. నౌఫా అన్నదమ్ములిద్దరూ అలా వెళ్లి తిరిగి రానివాళ్లే. ఈసారి మళ్లీ లెక్కవాళ్లు అనగానే ఉన్న ఒక్క కొడుకునీ దాచేసింది. హమ్మూద్ నాకు కొడుకుల్లేరని ఒట్టేశాడు. తమ్ముడి పేరు మాత్రం రెండుసార్లు చెప్పి మరీ రాయించాడు. వాడు బ్రెజిల్‌లో ఉన్నాడు, చేతనైతే వెళ్లి పట్టుకోమనండి అని తర్వాత నవ్వేవాడట.

మరి ఆ తర్వాతైనా ఎందుకు రాయించలేదన్నాను. అప్పుడు లేడన్నవాడు ఇప్పుడెలా వచ్చాడని జైల్లో వేస్తారని నాన్న భయం అన్నాడు. తొంభైనాలుగులో ప్రభుత్వం చాలామందికి పౌరసత్వం ఇచ్చింది కదా, అప్పుడైనా అన్నాను. దానికి కోపం వచ్చింది. అది పరాయివాళ్లు పెట్టుకునే దరఖాస్తు, నేను పరాయివాణ్ణా, ఈ గోడ రాళ్లు పేర్చింది ఎవరనుకున్నావు అన్నాడు. ఆ దరఖాస్తు చింపి పొయ్యిలో వేసింది ఆయనే. నేను అక్కడే ఉన్నాను. జుమానా నా కడుపులో ఉంది.

కాసేపటికి కోపం తగ్గింది. మా అమ్మ ఎంత బాగా దాచిందంటే ఇంతవరకూ ఎవడూ కనిపెట్టలేకపోయాడు అన్నాడు. గర్వంగానే అన్నాడు.

లేచి కూర చూసుకున్నాను. అడుగంటింది.

ఏప్రిల్ 19

వకీలు అదీబ్ దగ్గరికి వెళ్లొచ్చాం, జుమానా, నేను. కోర్టులో దావా వేయొచ్చన్నాడు. మామయ్య హమ్మూద్ కొడుకేనని చెప్పే సాక్షులు కావాలి. వాళ్లందరూ శ్మశానంలో ఉన్నారు. రక్తపరీక్షలు, కమిటీలు, అప్పీళ్లు. ఎన్నేళ్లు పడుతుందని జుమానా అడిగితే, నీ పిల్లలకి పనికొస్తుందమ్మా అన్నాడు.

గుమ్మం దాకా వచ్చి సాగనంపుతూ, మీరు నా చెల్లెలి లాంటివారు కాబట్టి చెప్తున్నాను, ఈ గొడవంతా ఎందుకు, కార్డున్నవాడికిచ్చి పెళ్లి చేయండి, ఏడాది తిరిగేసరికి పిల్ల చేతిలో కార్డుంటుంది అన్నాడు.

నేను కని ఇరవైమూడేళ్లు పెంచి ఇవ్వలేనిది, ఇంకా ముక్కూ మొహం తెలియని మొగుడు ఏడాదిలో ఇస్తాడు.

బస్సు దిగి బీన్స్ కొన్నాను, ముదురు.

జూలై 11

వాగ్నర్ వచ్చాడు. ముప్పై దాటినా చిన్నపిల్లాడి మొహం. కొత్త కార్డు ప్లాస్టిక్ కవర్లో పెట్టి మెడలో వేలాడదీసుకున్నాడు. గుమ్మం రాయిని వంగి ముద్దు పెట్టుకున్నాడు. కోడి రెట్ట ఉంది అక్కడ, ఎవరూ చెప్పలేదు.

అన్నం కూరిన ద్రాక్షాకు చుట్టలు, కోడి, మజ్జిగ పులుసు. మూడుసార్లు వడ్డించుకున్నాడు. మాటలన్నీ ఫోన్ తర్జుమా చేస్తుంది. మీ ముత్తాత మా నాన్న కంచరగాడిదెక్కి రేవుకెళ్లి, దాన్నమ్మి టికెట్ కొనుక్కున్నాడు, మా గాడిద ఏదిరా అని మామయ్య నిలదీశాడు. ఫోన్ చెప్పింది. వాగ్నర్ చాలాసేపు ఆలోచించి లేచి నిలబడి క్షమాపణ అడిగాడు. మామయ్య అతని మొహం రెండు చేతుల్లోకి తీసుకుని ముద్దులు పెట్టాడు.

అంతా బాగానే ఉంది. అప్పుడు పాత కార్డులు వేరే రంగులో ఉంటాయటగా, మీది చూపిస్తారా మామా అని ఫవ్వాజ్‌ని అడిగాడు. అందరం పళ్లేల వంక చూశాం. నాన్నది గరిసెలో ఉంది, గోధుమలు తీశాక చూపిస్తాం అంది జుమానా.

ఫోన్ దాన్నీ తర్జుమా చేసింది. అతను నవ్వబోయి ఆగాడు. తర్వాత నేను కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పాను. ఏడ్చాడు. మీరు మీకోసం వెతికితే నాకు దొరికిందా అన్నాడు. మంచివాడు. అందుకే ఒళ్లు మండింది.

జూలై 20

పక్కింటి ఉమ్మ్ వఫీక్ కాఫీకి వచ్చి, చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికిందట నీలాంటిదే అంది. అల్లుడు నీ సోఫాలో కూర్చుని పుచ్చకాయ తింటుంటే వకీళ్ల మెట్లు అరగదీస్తావేమిటే అంది. కాఫీ చల్లారుతోంది తాగమన్నాను.

ఆగస్టు 2

డాబా మీద టమాటాలు కోసి ఉప్పు చల్లి ఆరబెట్టాను. సాయంత్రం జుమానా వచ్చి పక్కన కూర్చుని తనూ కత్తి తీసుకుంది. కాసేపు కోశాక, వాగ్నర్‌ని పెళ్లి చేసుకుంటావా అని అడిగానమ్మా అంది. ఫోన్ తర్జుమా పూర్తయ్యే లోపే అవునన్నాడట.

నీకతనంటే ఇష్టమా అని అడిగాను.

నువ్వు ఇష్టపడే చేసుకున్నావు కదమ్మా, దాని ఖరీదు నేను కడుతున్నాను అంది. గొంతు పెంచకుండా అంది. తర్వాత ఉప్పు చేతులతోనే నా చేయి పట్టుకుంది. అన్నమాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

మంచివాడేనే అన్నాను. మంచివాడే, కాకపోయుంటే తేలికయ్యేది అంది.

ఫవ్వాజ్‌కి నేనే చెప్పాను. వెళ్లి బాగానే ఉన్న కోళ్లగూడు విప్పి మళ్లీ కట్టాడు.

సెప్టెంబర్ 8

నికాహ్ రాశారు.

షేక్‌గారు పెళ్లికూతురి తండ్రి కార్డు అడిగారు. కార్డు లేనివాళ్లకి ఊరిపెద్ద ముఖ్తార్ కాగితం రాసిస్తాడు. దానికి ఇద్దరు సాక్షులు. కొట్టువాడూ, ఉమ్మ్ వఫీక్ మొగుడూ నిలబడి, ఇతను ఫవ్వాజ్, మాకు తెలుసు అని చెప్పారు. ఫవ్వాజ్ కొత్త కోటు వేసుకుని, బజార్లో గొర్రెలా వాళ్లిద్దరి మధ్యా నిలబడ్డాడు. మా ఆయన ఆయనేనని వేరేవాళ్లు చెప్తుంటే విన్నాను.

వాగ్నర్ కార్డిచ్చాడు. షేక్‌గారు తలెత్తకుండా నంబర్ ఎక్కించుకున్నారు. ఆ నంబర్ నాకు కంఠతా వచ్చు.

వాగ్నర్ తల్లి మెడలో శిలువతో ఫోన్లో కనిపించి చేతులూపింది. వచ్చే వారం అతను వెళ్తాడు. కార్డు వచ్చేదాకా జుమానా ఇక్కడే.

మిగిలిన తీపి మూడు ఇళ్లకి పంచాను.

2018 మే 4, శుక్రవారం

వాగ్నర్ శుక్రవారం శుక్రవారం ఫోన్ చేస్తాడు. జుమానా ఒక వారం ఎత్తుతుంది. ఒక వారం స్నానం చేస్తోందని నాచేత చెప్పిస్తుంది. ఇవాళ నేనింకా నోరు తెరవకుండానే, స్నానమా అత్తా అని అడిగాడు. ఫోన్ తర్జుమా కాదు. అరబ్బీ నేర్చుకుంటున్నాడు.

నవంబర్ 28

జుమానా కార్డు వచ్చింది. అస్అద్ పేరున్న ఆ హమ్మూద్ ఇంటి నంబర్ కిందే ఎక్కించారు. లైసెన్సు ఫారం నింపుకుంటోంది. ఫవ్వాజ్ పొలంలో ఉన్నాడు.

జుమానాకి నేను పడ్డ బాకీ: ఒక దేశం. చెల్లు. కట్టింది వాగ్నర్.