గులాబీ టార్పాలిన్

హఫీజ్‌పేట్,
సెప్టెంబర్ 20, 2011

ప్రియమైన రజితా,

మీ ఆఫీసు వాళ్లతో నువ్వు ట్రెక్కింగ్‌కి వెళ్లిన హిమాచల్ కొండల్లో ఫోను పలకదు కాబట్టి నువ్విచ్చిన పోస్టాఫీసు చిరునామాకే రాస్తున్నాను. ఇక్కడ తెలంగాణ కోసం సకల జనుల సమ్మె. నిన్నటి నుంచి బస్సులూ లేవు. మాదాపూర్‌లో ఆఫీసుకి షేర్ ఆటోలో వేలాడుతూ వెళ్తున్నాను.

నీ ఉత్తరం అందింది. అందులో నా పేరు కంటే మీ ఆఫీసు శేఖర్ పేరే ఎక్కువగా ఉంది. రెండు చేతికర్రలు నిలబెట్టి శేఖర్ చిటికెలో టార్పాలిన్ కట్టేస్తాడు. గాలి కొట్టే వైపు శేఖరే పడుకుంటాడు. అబ్బో, ఎంత మంచివాడండీ! గుడారమైతే గోడలుంటాయి, జిప్పు ఉంటుంది. ఇది గొడుగు బట్టంత పల్చటి గుడ్డ. దాని కింద నా పెళ్లాం, పక్కన శేఖర్! గుడారం మోయకపోతే వీపు మీద బరువు తగ్గుతుందని నువ్వంటావు. నాకు మాత్రం ఒళ్లు మండిపోతోంది. కుళ్లు అనుకో, ఏమైనా అనుకో.

నేను ఫ్యాను లేనిదే నిద్రపోనని నన్ను వదిలేసి వెళ్లావు. రెండో విడత నడకకైనా నన్ను రమ్మను.

నీ
లోహిత్


కొండల నుంచి,
సెప్టెంబర్ 26

ప్రియమైన లోహీ,

ఏంది గిట్ల రాస్తవు? శేఖర్ సాక్సుల కంపుకు ముక్కు మూసుకొని పంటున్న నేను. కాని తాళ్లు గుంజి కట్టుడు వానికొచ్చు, నీకు రాదు. మొన్న వాన దంచి కొట్టినా మాకు చుక్క తగల్లేదు.

వచ్చే నెల నడిమిట్ల రెండో విడత మొదలైతది. ఒక్క టార్పాలిన్‌కు ఇద్దరే. అప్పటిలోపల నీ చేత్తోని టార్పాలిన్ కట్టి, వానల దాని కింద పండుకొని చూపియ్యి. శేఖర్‌ను వేరేవాళ్లకు జోడీ చేస్త. నీతోని కాకపోతే ఇగ వాని ఊసెత్తకు.

నీ రజిత


హఫీజ్‌పేట్,
అక్టోబర్ 7

ప్రియమైన రజితా,

నీ ఉత్తరం చూసిన రోజే జీడిమెట్ల పోయి బట్ట కొన్నాను. పల్చటి బట్టలో గులాబీ రంగొక్కటే మిగిలింది. రంగుతో మనకేం పనిలే అనుకున్నాను. అదే కొంప ముంచింది.

మేడ మీద కడతానంటే ఇంటి ఓనరు సోమేశ్వరరావు గారు, "వద్దండి బాబూ, ఎగిరి కరెంటు తీగల మీద పడుతుంది" అన్నారు. సరేనని రైల్వే స్టేషను పక్క ఖాళీ జాగాలో కట్టాను. శేఖర్ మొహం తలుచుకుంటూ ఒక్కో మేకూ దిగ్గొట్టి, కింద దూరి ఓ కునుకు తీశాను. కళ్లు తెరిచేసరికి మెడలో బంతిపూల దండ! ఆటో నడిపే ఐలయ్యట, "ఎవరండీ మీరు?" అన్న నా యాస విని, నా చేతులు రెండూ పట్టుకుని, "ఆంధ్రోళ్లయి గూడ మా కోసం దీక్షల కూసున్నరా సార్! మీ అసొంటోళ్లు గావాలె" అంటున్నాడు. ఈ రోజుల్లో ఉద్యమం రంగైన గులాబీ గుడ్డ కింద ఒక మనిషి తిండీ తిప్పలూ లేకుండా పడుకుంటే నిరాహార దీక్ష అనే అనుకుంటారు కదా. పెళ్లాం పక్కన చోటు కోసం పడుకున్నానని ఏ మొహంతో చెప్పను? దండ సర్దుకుని కూర్చున్నాను. సాయంత్రానికి పక్కనే షామియానా వేసి బ్యానరు కూడా కట్టేశారు.

మర్నాడు వాన. వాళ్ల షామియానా కూలింది. నా టార్పాలిన్ కూలలేదు! అందరం ఒకరి మీద ఒకరం దాని కిందే. ఈశ్వరమ్మని ఒక ముసలావిడ, "కొడుకా, జర ఇటు జరుగు" అంటూ నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. పాటలు పాడారు, నాకూ నేర్పారు. మూడో రోజు ఎవరూ పిలవకుండానే సెలవు పెట్టి వెళ్లాను. రోజూ వెళ్తున్నాను.

పందెం నాదే. శేఖర్‌ని ఇక దయచేయమను. ఎప్పుడు బయల్దేరమంటావు?

నీ
లోహిత్


కొండల నుంచి,
అక్టోబర్ 14

లోహీ,

ప్రియమైన అని రాసేటంత ప్రేమ ఇయ్యాల లేదు. నీ ఉత్తరం చదివి కడుపు మండింది.

కాలేజీల ఉన్నప్పుడు ఇదే తెలంగాణ కోసం లాఠీ దెబ్బలు తిన్నదాన్ని నేను. మా వాళ్లంత రోడ్డు మీదున్నప్పుడు నేనిక్కడ మంచుకొండలు చూసుకుంట తిరుగుతున్న. దండ నీ మెడల వడ్డది. పాటలు నీకు నేర్పిండ్రు. ఆ ముసలమ్మ నీ భుజం మీద పన్నది. నేను కూసోవాల్సిన జాగల నువ్వు కూసున్నవు! శేఖర్‌ను చూసి నీకెట్ల మండిందో ఇప్పుడు ఎరుకైంది. నాది అంతకు పదింతలు.

పందెం గెలిచినవు, ఒప్పుకున్న. కాని నువ్వు రావద్దు. రెండో విడతకు నేనే పోత లేను. శేఖర్‌ను వేరే జోడీల కలిపి సంచి సర్దుకున్న. రైల్ రోకో అంటున్నరు, బండ్లు బల్లార్షా దాకనే వస్తయట. ఫికర్ లేదు. అక్కడి సంది నడుస్త.

నేనొచ్చేదాక ఆ టార్పాలిన్ విప్పకు. నీ పక్క జాగ మాత్రం ఎవ్వరికీ ఇయ్యకు. ఈశ్వరమ్మకు గూడ.

వస్తున్న,
రజిత