గోడవైపు తిప్పిన ప్లకార్డు

మార్చి 12, గురువారం

పొద్దుటి నుంచి ముసురు. ఇంట్లోంచే ఆఫీస్ పని చేశాను. సాయంత్రం మా కీర్తి, దాని క్లాస్‌మేట్ మాయా స్కూల్ ప్రాజెక్ట్‌కి పాత ఫోటోలు వెతికారు. యాభై ఏళ్ల కిందట ఇక్కడ అమెరికాలో నల్లజాతి పిల్లల్ని బస్సుల్లో తమ స్కూళ్లకు తేవద్దని ప్లకార్డులు పట్టుకున్న ఆడవాళ్ల ఫోటోలు.

"అమ్మా, 'మా పిల్లల కోసమే' అని రాసుకున్నారు ఈ ఆంటీలు. మరి బస్‌లో ఉన్నవాళ్లు కిడ్స్ కాదా?" అంది కీర్తి. మాయా నవ్వింది.

కీర్తి వాళ్ల స్కూల్ నిండిపోయిందని, మెయిన్ రోడ్డు అవతలి అపార్ట్‌మెంట్ల పిల్లల్ని వేరే స్కూల్‌కి మార్చమని మొన్న మంగళవారం స్కూల్ ముందు నేనూ ప్లకార్డు పట్టుకుని నిలబడ్డాను. నేను రాసిందీ ఆ మాటే. మాయా ఉండేది ఆ అపార్ట్‌మెంట్లలోనే.

మాయాని తీసుకెళ్లడానికి వాళ్లమ్మ వచ్చేలోపు గరాజ్‌లోకి వెళ్లి నా ప్లకార్డును గోడవైపు తిప్పాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో కీర్తి ఉంది. ప్లకార్డు వైపే చూస్తోంది.

ఆరుంబావుకి మాయా వెళ్లింది.