శనివారం సావాసం, అల్లం జాడీ

సికింద్రాబాద్ ఈస్ట్ మారేడ్‌పల్లి కాపురస్తురాలు, రైల్వే గార్డు కీర్తిశేషులు యేసుదాసు గారి భార్య, టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆపరేటరుగా పనిచేసి రిటైరైన జ్ఞానమణి అను నేను, వయస్సు అరవై తొమ్మిది, నా సొంత దస్తూరీతో రాసుకుంటున్న వీలునామా ఏమనగా:

దేవుని కృపవల్ల నా బుద్ధి నిలకడగా ఉంది. ఒకరి బలవంతం మీద గాని, ఒకరి మెప్పు కోసం గాని ఇది రాయడం లేదు. బుద్ధి సంగతిలో ఎవరికైనా అనుమానముంటే, ఈ ఉదయమే పదిమందికి సరిపడా బజ్జీల పిండి కలిపాననీ, అందులో వాము వేయడం మరచిపోలేదనీ మనవి చేసుకుంటున్నాను. చెయ్యి వణుకుతున్నది, అది షుగరు. గుండె కూడా జెర నీరసించిందని డాక్టరు గారు అన్నారు. అందుకే ఈ తొందర.

నా ఆస్తి ఫలానా అని చెప్పాలంటే నాకే నవ్వొస్తుంది. రెండు గదులు, ఒక వసారా, వంటింటి సామాను. కానీ ఆ వసారాలో 1966 నుంచి ప్రతి శనివారం సాయంత్రం అయిదున్నరకు స్నేహితులు చేరుతున్నారు. యేసుదాసు గారు డ్యూటీ దిగి ఇంటికొస్తూ దారిలో ఎవరు కనబడితే వాళ్ళను వెంటబెట్టుకొచ్చేవారు. ఇంట్లో ఏముందో అడిగేవారు కాదు. వేరుశనగలుంటే ఉడకబెట్టాను, శనగలుంటే గుగ్గిళ్ళు చేశాను, ఏమీ లేకపోతే మరమరాల్లో ఉల్లిపాయ, పచ్చిమిర్చి కోసి నిమ్మకాయ పిండాను. ఆయన పోయి పద్నాలుగేళ్ళయినా శనివారం మాత్రం ఆగలేదు.

ఈ కాగితం రాయడానికి అసలు కారణం ఆరో నిబంధన. నేను పోయేలోగా నా స్నేహితురాలు ఆలిస్ నా వసారాలో మళ్ళీ ఒక్కసారి కూర్చోవాలి. నాకున్న కోరిక అదొక్కటే. కాని ఆరు దాకా రావాలంటే ఒకటి నుంచే కదా మొదలుపెట్టాలి.

1. పైన చెప్పిన ఇల్లు, వసారాతో సహా, అల్వాల్‌లో ఉంటున్న నా ఏకైక కుమార్తె ప్రేమమణికి సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామాను అమలు జరపవలసింది కూడా ఆమే. షరతు ఏమనగా, శనివారం సాయంత్రం వసారా తలుపు మూయరాదు. ప్రేమమణీ, నీ గుణం నాకు తెలుసు. ఇంటికి నలుగురొస్తే నీకు బేకరీ పఫ్‌లు, కూల్‌డ్రింకు సీసాలు గుర్తొస్తాయి. వచ్చినవాళ్ళు తిండికి రారమ్మా. నువ్వు పొయ్యి దగ్గర నిలబడి ఉప్పు సరిపోయిందా అని అరుస్తావే, ఆ కేకకొస్తారు. ఏదో కొంచెమే చేశానండీ, ఏమనుకోకండీ అని ఎన్నడూ అనకు. కొంచెమే అయితే కొంచెమే పెట్టు. రెండుసార్లకు మించి బలవంతపెట్టకు. అన్నిటికంటే ముఖ్యం, నువ్వు కూడా వాళ్ళతో కూర్చో. వంటింట్లో దాక్కునే ఇల్లాలు ఇంటికొచ్చినవాళ్ళకు పరేషాన్ తప్ప ఏమీ పెట్టదు.

ఎండాకాలం సబ్జా గింజలు ఓ గంట ముందే నానబెట్టు. మజ్జిగలో కరివేపాకు నలిపి వెయ్యి, తరిగి వెయ్యకు.

2. యేసుదాసు గారి నల్ల ఇనప పెట్టె, అంటే ఆయన గార్డుగా ప్రతి బండిలో ఎక్కించుకుపోయిన పెట్టె, కూడా ప్రేమమణికే. ఎర్రజెండా, పచ్చజెండా అందులోనే ఉన్నాయి. శనివారాలు దానిమీద దుప్పటి పరిచి పళ్ళేలు పెట్టేదాన్ని. ఇక చాలు, ఇంటికి పొండి అనాల్సి వస్తే ఆయన నవ్వుతూ పచ్చజెండా ఊపేవారు. ఎవరూ నొచ్చుకునేవారు కాదు. ఆ జెండా పారేస్తే ఊరుకోను.

3. బజ్జీల మూకుడు, చిల్లుల గరిటె రిచర్డ్‌కు. మా చర్చి సంఘంలో హార్మోనియం వాయించే ఈ రిచర్డ్ ముప్ఫై ఏళ్ళుగా వంటింటి గుమ్మంలో నిలబడి, వేసిన వాయిలో సగం వసారాకు చేరకుండా మింగుతున్నాడు. లోపలున్నది మిరపకాయో అరటికాయో చూడాలి కదా అక్కా అంటాడు. అరవయ్యేళ్ళొచ్చినా పొయ్యి వెలిగించడం రాదు. ఇకనైనా నేర్చుకో నాయనా. నూనె కాగిందో లేదో చిటికెడు పిండి వేసి చూడు, వేలు పెట్టి చూడకు.

4. స్టీలు గ్లాసులు. శనివారం వచ్చే ప్రతి మనిషికీ జనరల్ బజారులో పేరు చెక్కించిన గ్లాసు ఒకటి నా దగ్గరుంది. ఎవరి గ్లాసు వారికి. మా వీధిలో బండి మీద కూరగాయలమ్మే బాలమ్మ మొదట్లో కూర్చోనని, నిలబడే తాగిపోతానని మొండికేసింది. గ్లాసు మీద తన పేరు చూపించి, చదువు రాని ఆమెకు ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టించాను. ఆనాటి నుంచి కుర్చీలోనే కూర్చుంటున్నది. ఆమెకు గ్లాసుతో పాటు ఆ కుర్చీ కూడా చెందవలెను.

5. ఎదురింటి పద్మనాభం గారు పెద్ద ఆఫీసరుగా చేసి దిగారు. జ్ఞానమణి ఇంట్లో వేరుశనగలు తప్ప ఏముంటాయని వీధంతా చెప్పారు. ఆయన షష్టిపూర్తికి వంటవాళ్ళను పిలిపించి పదిహేడు రకాలు పెట్టారు. మేమంతా వెళ్ళాం, వరసలో నిలబడ్డాం, తిన్నాం, చేతులు కడుక్కున్నాం, ఒక్కరమూ నవ్వలేదు. మర్నాడు శనివారం ఆయనే మా గేటు దగ్గరకొచ్చి, ఏం ఉడుకుతోందండీ అని అడిగారు. ఆయనకు ఒక కేజీ పచ్చి వేరుశనగకాయలు, నా పూర్తి మన్నింపు. ఉప్పు నీళ్ళలో అరగంట ఉడకాలి సార్.

6. ఇప్పుడు బొల్లారంలో ఉన్న ఆలిస్ సంగతి.

ఆలిస్, నేను ఎక్స్ఛేంజిలో పక్కపక్క కుర్చీల్లో కూర్చున్నవాళ్ళం. సంఘంలో ఆమె స్త్రీల సమాజం సెక్రటరీ. ప్రభువు బల్లకు, అంటే గుళ్ళో ప్రభువు పేర అందరం రొట్టె తిని రసం తాగే ఆరాధనకు, కావలసిన ద్రాక్షరసం మా ఆడవాళ్ళమే వంతులవారీగా ఇళ్ళలో కాచి సీసాలో పోసి ఇచ్చే ఆచారం ఉంది. 1989 జనవరి ఒకటి ఆదివారం పడింది. ఆ నెల వంతు ఆలిస్‌ది. ముందురోజు శనివారం ఆమె తన సీసా పట్టుకుని మా ఇంటికే వచ్చింది. చల్లగా ఉంటుందని కుండ పక్కన పెట్టాను.

ఆ పక్కనే నా జింజర్ వైన్ సీసా ఉంది. పేరుకే వైన్, మత్తు లేదు. అల్లం దంచి, ఎండుమిరపకాయలు, దాల్చిన చెక్క, లవంగాలు వేసి మరిగించి, పంచదార మాడ్చి రంగు తెచ్చి, నిమ్మరసం పిండి, మూడురోజులు జాడీలో ఉంచి వడగట్టేది. ఆ రంగుకూ ద్రాక్షరసం రంగుకూ తేడా లేదు. రెండూ ఒకే రకం షర్బత్ సీసాలు. తేడా తెలియాలని ఆలిస్ సీసా మెడకు నేనే తెల్లదారం కట్టాను. సాయంత్రం మరమరాల పొట్లం కట్టడానికి దారం కనబడక, ఆ తెల్లదారమే విప్పాను. తరవాత గుర్తొచ్చి మళ్ళీ కట్టాను. ఏ సీసాకు కట్టానో చూసుకోలేదు.

మర్నాడు కొత్త సంవత్సరం ఆరాధన. గుడి నిండా జనం. అయ్యగారు ప్రార్థన చేశారు, అందరం చిన్న చిన్న గ్లాసులు ఒక్కసారే పైకెత్తాం. దేవుడు నన్ను క్షమించుగాక, ఆ తరవాత మూడు నిమిషాలు మా సంఘంలో దగ్గు తప్ప ఇంకేమీ వినబడలేదు. పెద్దల కళ్ళవెంట నీళ్ళు. రిచర్డ్ హార్మోనియం మీద పడి తుమ్ముతూనే ఉన్నాడు. ముందు వరసలో ఒక ముసలమ్మ ఇదే పరిశుద్ధాత్మ అగ్ని అని పైకే అన్నది.

ఆరాధన అయ్యాక సంఘ పెద్దలు సీసా ఎవరు తెచ్చారని అడిగారు. ఆలిస్ లేచి, నేనే తెచ్చాను అన్నది. ఎవరింట్లో ఉంచిందో చెప్పలేదు, నా వైపైనా చూడలేదు. నేను మూడో వరసలో ఉన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు పాటల పుస్తకం తెరిచి ఏదో పాట వెతికాను. అప్పటికి అది వట్టి అనుమానమేనని నాకు నేనే చెప్పుకున్నాను. తరవాతి శనివారం పక్కింటి సదాశివ నా సీసాలోది రెండు గ్లాసులు తాగి, ఏందమ్మా, ఈసారి కారం సుత లేదు, మస్తు తియ్యగున్నది అన్నప్పుడు అనుమానం కూడా తీరిపోయింది. అయినా నోరు విప్పలేదు. ఆలిస్ సెక్రటరీ పని మానేసింది. నా శనివారాలు మానేసింది. తొమ్మిదేళ్ళ తొమ్మిది నెలలు.

తప్పు నాది. దారం కట్టింది నేను, నోరు కట్టుకున్నదీ నేనే. ఇది వీలునామాలో రాస్తున్నాను, ఎందుకంటే ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు లేదు. టెలిఫోనులో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరందరినీ కలిపినదాన్ని, ఒక్క బొల్లారం నంబరు తిప్పలేకపోయాను. సిగ్గుగా ఉంది.

కాబట్టి నా అల్లం జాడీ, దానితో పాటు జింజర్ వైన్ కొలతలు రాసుకున్న చీటీ, ఇంతవరకు ఎవ్వరికీ చూపనిది, ఆలిస్‌కు చెందవలెను. ఆమె పేరు చెక్కిన గ్లాసు కూడా. ఆ గ్లాసు ఇన్నేళ్ళూ ప్రతి శనివారం కడిగి, తుడిచి, మిగతావాటి పక్కనే బోర్లించి పెడుతూనే ఉన్నాను.

7. నా భూస్థాపన అయ్యాక టీ, బిస్కట్లు పంచరాదు. గుగ్గిళ్ళు చేయండి. డిసెంబరయితే జింజర్ వైన్, ఏప్రిలయితే మజ్జిగ. ఏడవాలనుకున్నవాళ్ళు ఉల్లిపాయలు కోయడానికి కూర్చోండి, పనికొస్తారు.

8. సాక్షుల సంగతి. పైన చెప్పిన సదాశివ వృత్తిరీత్యా దస్తావేజు లేఖరి. అమ్మా, గిట్ల రాస్తే జడ్జి సాబ్ నవ్వుతడు అని ఇప్పటికి నాలుగుసార్లు అన్నాడు. నవ్వనీ అన్నాను. మన క్రైస్తవుల వీలునామాలో సాక్షి సంతకం చేసినవాళ్ళకు ఏం రాసిచ్చినా అది చెల్లదని అతనే చెప్పాడు. అందుకని సదాశివకు ఏమీ రాయలేదు. మజ్జిగ కుండ నిన్ననే చేతికిచ్చి పంపించేశాను. మొదటి సాక్షి అతనే. రెండో సాక్షికే తక్లీఫ్ వచ్చింది. నాకున్న స్నేహితులందరికీ ఏదో ఒకటి రాసేశాను, సంతకానికి మనిషి మిగల్లేదు. ఆ చోటు ప్రస్తుతానికి ఖాళీగా ఉంచాను.

చేర్పు. ఈరోజు శనివారం, సాయంత్రం ఆరున్నర.

తప్పులు దిద్దమని కాగితాలు సదాశివకు ఇస్తే, ఆ మహానుభావుడు నాకొక్క మాటైనా చెప్పకుండా ఆరో నిబంధన ఉన్న కాగితాలు జేబులో పెట్టుకుని స్కూటరు మీద బొల్లారం పోయాడు. తాగింది నేను గద అమ్మా, నాకు సుత పాపం తగల్తది అన్నాడు తరవాత. అయిదున్నరకు స్కూటరు వెనక కూర్చుని ఆలిస్ వచ్చింది. జుట్టంతా తెల్లబడింది. చేతిలో నా కాగితాలు.

రిచర్డ్ నోటిదాకా పోయిన బజ్జీని తిరిగి పళ్ళెంలో పెట్టేశాడు. ఆలిస్ నా ఎదుట నిలబడి, నీకు బుద్ధి నిలకడగా ఉందని ఎవరన్నారే అని అడిగింది. గ్లాసు పెదవికి తగిలినప్పుడే ఆమెకు తెలిసిందట. ఈ జంటనగరాల్లో అంత అల్లం వేసే చెయ్యి ఇంకొకటి ఉందా అన్నది. దారం గురించి ఆమెకు కోపం లేదట. ఇవాళ చెబుతుంది, రేపు చెబుతుంది అని చూసిందట. అలా చూడడంతోనే ఇన్నేళ్ళయిపోయాయట. నేను ఏడ్చాను. ఆమె కూడా ఏడ్చింది. బాలమ్మ మధ్యలోకొచ్చి, బజ్జీలు సల్లారిపోతున్నయి అమ్మలారా అన్నది. ముసలమ్మ అగ్ని మాట ఎవరో ఎత్తారు. ఇక పద్మనాభం గారు కుర్చీలోంచి జారిపోయేదాకా నవ్వారు.

రెండో సాక్షిగా తానే సంతకం పెడతానని ఆలిస్ అన్నది. ఆమె షరతు ఒకటే. రేపే ఈ నెల మొదటి ఆదివారం, బల్ల ఆరాధన. సంఘంలో లేచి నిలబడి, ఆ సీసా నాది అని నేను నా నోటితో చెప్పాలి. చెబుతాను. మూడో వరసలోంచి కాదు, ముందుకు వెళ్ళి చెబుతాను.

సంతకం చేస్తే జాడీ నీకు రాదే, చట్టం ఒప్పుకోదు అన్నాను. అయితే చట్టం కళ్ళబడకముందే ఇచ్చెయ్ అని చెయ్యి చాపింది. కనుక పై ఆరో నిబంధనలో ఆలిస్‌కు రాసిచ్చినదంతా రద్దు చేస్తున్నాను. జాడీ, చీటీ నా చేతులతోనే ఆమె ఒళ్ళో పెట్టాను. ఒప్పుకోలు మాత్రం ఉండవలెను.

గ్లాసు కూడా తీసుకోమన్నాను. అందులో నేను పోసిన జింజర్ వైన్ తాగేసి, కడిగి, మిగతా గ్లాసుల పక్కన తానే బోర్లించింది. ఇక్కడే ఉండనీ, వచ్చే శనివారం మళ్ళీ కావాలి కదా అన్నది.

పైన రాసినదంతా చదువుకుని, సరేననుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేశాను.

సికింద్రాబాద్, 3 అక్టోబరు 1998, శనివారం.

(సంతకం) జ్ఞానమణి

సాక్షులు:

1. సదాశివ, దస్తావేజు లేఖరి, ఈస్ట్ మారేడ్‌పల్లి.

2. ఆలిస్, బొల్లారం. ఇప్పటికి మూడు గ్లాసులు తాగాను, కారం సరిపోయింది.