అరువడిగిన రైఫిళ్లు

ఏప్రిల్ 6, ఆదివారం

గన్ క్లబ్ సెక్రటరీ గేల్ ఫోన్ చేసింది. న్యూస్‌లెటర్‌లో కొత్త శీర్షిక పెడుతుందట. నాకు బాగా ఇష్టమైన సెమీ ఆటోమేటిక్ రైఫిల్ ఏది, ఎందుకు ఇష్టం. ముందు నేనే రాయాలట. ఎన్ని ఉన్నాయి, ఏవేవి, ఇంట్లో ఎక్కడ పెడతావు, అన్నీ గుచ్చి గుచ్చి అడిగింది. ఎక్కడ పెడితే నీకెందుకు అన్నాను. "అబ్బ, ఊరికే అడిగాను పెద్దాయనా, కరవకు" అంది.

నాలుగున్నాయని చెప్పాను. అన్నీ పడగ్గది అల్మారాలోనే. ఫిబ్రవరిలో పోయేదాకా అందులో నా భార్య లోర్నా బట్టలుండేవి.

సెమీ ఆటో ఎందుకంటే నా కుడి భుజం వల్ల. ముప్ఫై ఏళ్లు కౌంటీ రోడ్లు చదును చేసే గ్రేడర్ నడిపాక ప్రతి తూటాకీ రైఫిల్ బోల్ట్ లాగాలంటే ప్రాణం పోతుంది. వీటితో ఆ బాధ లేదు. ఒకటి పేలగానే రెండోది తనంతట తనే లోపలికొచ్చి కూర్చుంటుంది. కన్ను గురి మీదనుంచి తీయక్కర్లేదు. ఇంతవరకూ రాసి ఆపేశాను. ఏది ఎక్కువ ఇష్టమో తేలడం లేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

లోర్నా తమ్ముడు కర్ట్ వచ్చాడు. "బావా, నీ టెన్ ట్వంటీటూ రైఫిల్ నాలుగు రోజులివ్వవా? పొలమంతా నేల ఉడతలు తవ్వి పారేస్తున్నాయి" అన్నాడు. వాడింట్లో అలాంటివే రెండున్నాయి. ఒకటి వాడి పెళ్లికి నేనే ఇచ్చాను. అవేమయ్యాయి అంటే తలుపు దగ్గర బూట్లు చూసుకుంటూ ఏదో గొణిగాడు. వాడికి అబద్ధమాడడం చిన్నప్పటినుంచీ చేతకాదు.

ఇచ్చాను. చిన్న తూటా, భుజాన్ని తన్నదు, ఎంత కాల్చినా విసుగు రాదు. ఈ కౌంటీలో సగం మంది గురి నేర్చుకున్నది దాంతోనే. లోర్నా కూడా. ఆమె నాకంటే బాగా కాల్చేది, అది నేను క్లబ్బులో ఎప్పుడూ ఒప్పుకోలేదు.

పోయిన వారం కర్ట్‌కి నా పడవ ఇచ్చేశాను. ఊరికే. ఈ వేసవికి నాకెందుకది? ఎగిరి గంతేస్తాడనుకున్నాను. నా మొహంకేసి అదోలా చూసి వెళ్లిపోయాడు.

ఏప్రిల్ 11, శుక్రవారం

నిద్ర లేదు. తిండి సయించడం లేదు. కాఫీతో సరి.

ఏప్రిల్ 12, శనివారం

ఇవాళ కూడా క్లబ్బు వాళ్ల శనివారం టిఫిన్‌కి వెళ్లలేదు. పదింటికి మెర్ల్ టోస్టెన్ ఇంటికే వచ్చాడు. వాడితో స్నేహం నలభై ఏళ్లది. కూర్చున్నాడు, లేచాడు, కిటికీ లోంచి చూశాడు, మళ్లీ కూర్చున్నాడు. చివరికి నా మినీ ఫోర్టీన్ రైఫిల్ కావాలన్నాడు.

మెర్ల్! నా మినీ ఫోర్టీన్! "దాంతో కాలిస్తే పశువుల కొట్టం లోపల నిలబడి కూడా గోడకి తగలదురా" అని ముప్ఫై ఏళ్లుగా నలుగురిలో నన్ను ఏడిపించినవాడు. ఇప్పుడేమో "కాదురా, మరీ అన్యాయంగా మాట్లాడానేమో, ఒకసారి చూస్తాను" అంటాడు. మెర్ల్ రైఫిళ్ల విషయంలో తన మాట వెనక్కి తీసుకోవడం నేను చూడలేదు. పెళ్లాం విషయంలోనే తీసుకోలేదు.

గురి అంత గొప్పది కాదు, నిజమే. కానీ ట్రక్కు సీటు వెనక పడేసి ఆర్నెల్లు మర్చిపోయినా, దుమ్ము పట్టినా, మంచు పట్టినా తీసి నొక్కితే పేలుతుంది. ఆవులు ఈనే రోజుల్లో దూడల కోసం కొయోట్ నక్కలు వచ్చేది మనం రైఫిల్ తుడుచుకుని సిద్ధంగా ఉన్నప్పుడు కాదు కదా.

ఇచ్చాను. తీసుకుని గబగబా వెళ్లాడు, దొంగిలించినవాడిలా. ఏదో జరుగుతోంది.

ఏప్రిల్ 14, సోమవారం

గేల్ వచ్చింది. న్యూస్‌లెటర్‌కి ఫోటో కావాలట, నా ఏఆర్ రైఫిల్ తనింటికి తీసుకెళ్లి తీస్తుందట. చేతిలో ఫోన్ ఉంది, ఇక్కడే తియ్యి అన్నాను. "మీ ఇంట్లో వెలుతురు బాగాలేదు" అంది. మిట్ట మధ్యాహ్నం!

ఆ రైఫిల్ అచ్చంగా నాది. ఒక్కో భాగం తెప్పించి వంటింటి బల్ల మీద నేనే బిగించాను. ఏ ముక్క నచ్చకపోతే ఆ ముక్క మార్చుకోవచ్చు, జనం దానికోసం పడిచచ్చేది అందుకే. అందులో ఆవగింజంత పిన్ను, దాని వెనక ఒక స్ప్రింగు. వేలు జారితే ఎగిరిపోతుంది. ఏఆర్ బిగించిన ప్రతివాడూ ఏదో ఒక రోజు వంటింట్లో పాకి వెతికినవాడే. నా పిన్ను వెన్న గిన్నెలో లోర్నాకి దొరికింది. "రైఫిల్‌కి పెట్టుకుంటావా, రొట్టె మీద రాసుకుంటావా?" అంది.

ఇది గేల్‌కి చెబుదామనుకున్నాను. చెప్పలేకపోయాను.  రైఫిల్ ఇచ్చి తలుపేసుకున్నాను.

ఏప్రిల్ 15, మంగళవారం, ఉదయం 10

దాణా కొట్టు దగ్గర క్లబ్బు వాళ్లు ముగ్గురు కనిపించారు. ఇష్టమైన రైఫిల్ గురించి రాశారా అని అడిగాను. ముగ్గురూ తెల్లమొహం వేశారు. అలాంటి శీర్షిక ఒకటుందని వాళ్లకి తెలియనే తెలియదు.

అంటే గేల్ ఒక్క నన్నే అడిగింది. నా దగ్గర ఏమేం ఉన్నాయో లెక్క తెలుసుకోవడానికి.

అదే రోజు, మధ్యాహ్నం 2

అల్మారాకి కొత్త తాళం బిగించాను. ఇప్పుడంతా అర్థమవుతోంది. ముసలాడికి మతి పోయింది, ఇక వీడికివన్నీ ఎందుకు, మనం పంచుకుందాం అనుకున్నారు. మనిషి పోయాక పంచుకునేవాళ్లని చూశాను. బతికుండగా పంచుకోవడం ఇదే చూడడం. అందులోనూ కర్ట్! లోర్నా ఉంటే చెంప పగలగొట్టేది.

నాలుగో రైఫిల్, గారండ్, ఒక్కటే మిగిలింది. దాన్ని ఎవరికీ ఇవ్వను.

ఏప్రిల్ 17, గురువారం

చెప్పకుండా మెర్ల్ ఇంటికి వెళ్లాను. నా రైఫిళ్లు ఎక్కడరా అన్నాను. నేలమాళిగలోకి తీసుకెళ్లి సేఫ్ తెరిచాడు. మూడూ అక్కడే ఉన్నాయి. కర్ట్ తీసుకెళ్లినదీ, గేల్ తీసుకెళ్లినదీ కూడా. నూనె రాసి, ఒక్కోదానికి చీటీ కట్టి. చీటీ మీద మెర్ల్ కోడిగీతల్లో నా పేరు: "ఆరిన్‌ది. అడిగినప్పుడు ఇవ్వాలి."

ఏం నాటకంరా ఇది అని అరిచాను. మెట్ల మీద కూలబడ్డాడు.

"రాయిస్ గుర్తున్నాడా?" అన్నాడు.

గుర్తుండక ఏం? మా క్లబ్బు వాడు. భార్య వదిలేశాక రెండేళ్ల కిందట తన రైఫిల్‌తోనే తను పోయాడు. వాడి మనసు బాగాలేదని మాకందరికీ తెలుసు. కానీ మా దగ్గర ఎవడూ ఎవణ్ణీ నువ్వెలా ఉన్నావని అడగడు. నీ తుపాకీ ఇలా ఇచ్చేయమని అసలే అడగడు. అరువడగడం ఒక్కటే మర్యాద. అది కూడా ఎవరం చేయలేదు.

"పాతిపెట్టి వస్తుంటే నువ్వే అన్నావురా" అన్నాడు మెర్ల్. "ఒక్కడైనా పోయి, నాలుగు రోజులు నీ రైఫిల్ ఇవ్వరా అని ఏదో ఒక సాకు చెప్పి తెచ్చుంటే బతికేవాడు, మొహమాటపడి చంపుకున్నాం అని. ఇప్పుడు నువ్వు పడవ ఇచ్చేశావు. కోళ్లు ఇచ్చేశావు. టిఫిన్‌కి రావు. నలభై పౌన్లు తగ్గావు. మమ్మల్నేం అనుకోమంటావు?"

నాకేం పిచ్చి పట్టలేదు అన్నాను. పట్టిందని నేననలేదు అన్నాడు. కావాలంటే మూడూ పట్టుకుపో, నీ సొత్తు, ఆపను అన్నాడు. "నాలుగోది మాత్రం నేనడగను. నా దగ్గర అబద్ధాలు అయిపోయాయి. అది నువ్వే చెప్పాలి."

చెప్పడానికేం లేదని తిట్టి వచ్చేశాను. ఇంటికొచ్చాక చూసుకుంటే, ఆ మూడూ తెచ్చుకోలేదు.

ఏప్రిల్ 18, శుక్రవారం

మెర్ల్ ఆరుసార్లు ఫోన్ చేశాడు. తీయలేదు.

ఏప్రిల్ 19, శనివారం, మధ్యాహ్నం 3

గారండ్ తీశాను. తుడుద్దామని. నిన్ననే తుడిచాను, మొన్న కూడా.

దీనిది సైన్యం నుంచి వచ్చిన పాత ఒళ్లు. తొమ్మిదిన్నర పౌన్లు. పోస్టులో వచ్చిన రోజు నేను రోడ్డు పనిలో ఉన్నాను, లోర్నా సంతకం పెట్టి తీసుకుంది. పెట్టె బరువు చూసి వరండాకి కుర్చీలేమో అనుకుందట. కుర్చీలు కావని తెలిసి రెండు రోజులు మాట్లాడలేదు. ఎనిమిది తూటాలయ్యాక వాటిని పట్టి ఉంచే ఖాళీ క్లిప్పు టింగుమని పైకి దూకుతుంది. ఆ చప్పుడు విన్నాక మాత్రం నవ్వింది. మళ్లీ కాల్చు అంది. ఎందుకిష్టమని ఎవరైనా అడిగితే ఇంతే.

గంట నుంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. గుడ్డ గానీ నూనె గానీ తెచ్చుకోలేదు. తుడవడానికి తీయలేదు. ఆ మాట ఇక్కడ కూడా ఇన్నాళ్లూ రాయలేదు. నాకు భయంగా ఉంది.

3.50

రైఫిల్ లోపల వదిలి, ఇంటి బయట మెట్ల మీదికి వచ్చి మెర్ల్‌కి ఫోన్ చేశాను. నాలుగోది తీసుకెళ్లు అన్నాను.  సరేరా, ఏం సాకు చెప్పి తీసుకెళ్లమంటావు అన్నాడు.

సాకేం వద్దు, తొందరగా రా అన్నాను.