మంచం కింద నీళ్లు

అమ్మలూకి,

అమ్మ దీవించి రాస్తున్నది. ఇక్కడ నేను, నా మోకాళ్లు, కింది వాటాలో టైలరమ్మాయి, దాని పసిగుడ్డు, అందరం క్షేమం. నువ్వూ అక్కడ వేళకి తిని, వేళకి పడుకుని క్షేమంగా ఉన్నావని తలుస్తాను. తలుస్తానన్నాను గానీ నమ్ముతానని కాదు. నర్సుల తిండి ఎలా ఉంటుందో నాకు తెలియనిదేం కాదు.

నీ ఉత్తరం అంది చాలా రోజులైంది. ఫోన్ చేసుకుంటే ఇద్దరం ఏడవడమే తప్ప ఒక్క మాటా పూర్తి కావడం లేదని, రాసుకుందామని నువ్వే అన్నావు. బాగానే ఉంది. కానీ నీకు రాద్దామని కూర్చున్న ప్రతిసారీ నాకేదో ఒక పని గుర్తొచ్చేది. అద్దాలు తుడిచాను. పప్పుల డబ్బాలు తుడిచాను. నువ్వు బడికి వెళ్లేటప్పటి గొడుగు కూడా విప్పి తుడిచి పెట్టాను. ఇవాళ ఇంట్లో తుడవడానికి ఏమీ మిగల్లేదు.

ముందు తేలికైన వాటికి జవాబు చెబుతాను. మోకాళ్లకి నువ్వు పంపిన నూనె రాస్తున్నాను. ఒళ్లంతా ఆసుపత్రి వాసన తప్ప పెద్ద గుణం కనిపించలేదు. రాత్రి అన్నం మానేశావా అని అడిగావు. మానలేదు, తగ్గించాను. ఒక్కదానికి వండుకోవడం ఇంకా చేతకావడం లేదు, ఎలా కొలిచినా ఇద్దరికి వస్తోంది. వరద వార్త చూసి 'నీళ్లున్నాయా' అని మెసేజ్ పెట్టావు, 'ఉన్నాయి' అని ఒక్క ముక్క పెట్టి ఊరుకున్నాను. ఆ ముక్క వెనక చాలా కథ ఉంది, అదే ఇప్పుడు రాయబోతున్నాను.

ఇక నువ్వు ఉత్తరం చివర అడిగిన మాట. 'నాన్నకి బాగాలేదని నీకు నిజంగా తెలియదా అమ్మా? రోజూ ఎవరెవరి నాన్నలకో నాడి చూస్తాను. నా నాన్న సంగతి నాకెందుకు చెప్పలేదు?' అని. నువ్వు అడగడం ఇది మొదటిసారి కాదు. ఆసుపత్రి వరండాలో కూడా అడిగావు. అప్పుడు నేనేమన్నానో నీకు గుర్తుండే ఉంటుంది. 'పోయిన వారమేగా ఇంట్లో నీళ్ల క్యాన్లన్నీ తనే నింపి, తనే మూతలు బిగించారు. ఆ మూతలు బిగించిన మనిషికి గుండె జబ్బంటే ఎవరు నమ్ముతారే' అన్నాను. నువ్వు నమ్మలేదు. నా మొహం కూడా చూడకుండా రైలెక్కావు. నాకు మాత్రం ఆ మాటే ఊతం అయింది. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లకీ అదే చెప్పాను. పడకగదిలోకి తీసుకెళ్లి, దుప్పటి ఎత్తి, మంచం కింద వరసగా ఉన్న ఐదు క్యాన్లూ చూపించాను కూడా.

మీ నాన్న నీళ్ల పిచ్చి నీకు కొత్తగా చెప్పాలా! నన్ను చూడటానికి మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు నా మొహం సరిగ్గా చూశారో లేదో గానీ, మా నాన్నని మాత్రం 'మీ ట్యాంకు ఎప్పుడు కడిగించారండీ' అని అడిగారు. నీళ్ల ప్లాంటులో అన్నేళ్లు చేసిన మనిషి, ఇల్లూ ప్లాంటే అనుకునేవారు. ఆరు నెలలకోసారి క్యాన్లు సబ్బుతో కడగడం, ఎండబెట్టడం, అంచుదాకా నింపి క్లోరిన్ చుక్కలు వేయడం, మూత బిగించడం. బిగించాక ఒక్కో క్యానూ నేలమీద తలకిందులుగా నిలబెట్టి, కింద పాత పేపరు వేసి, తడి దిగుతుందేమో చూసేవారు. చుక్క కారినా మళ్లీ మొదటికి. నన్ను మూత ముట్టుకోనిచ్చేవారు కాదు, మర పోతుందట. ఆయన బిగించిన మూత ఇంట్లో ఆయన తప్ప ఎవరం తీయలేకపోయేవాళ్లం. నువ్వు చిన్నప్పుడు పళ్లతో ప్రయత్నించి తన్నులు తిన్నావు.

ఆయన పోయాక ఆరు నెలలు నిండాయి. 'క్యాన్లలో నీళ్లు మార్చావా' అని రాశావు. 'మార్చాను' అని జవాబిచ్చాను. అబద్ధం అమ్మలూ. మార్చలేదు. ఎలా మారుస్తాను? ఆయన చేతి బిగింపు ఆ మూతల మీద ఇంకా అలాగే ఉంది. తీశానంటే అది పోతుంది. అది పోతే నీకు చూపించడానికి నా దగ్గర ఏం మిగులుతుంది?

ఇంతలో ఈ వరద. కొండవైపు నుంచి వచ్చే పెద్ద పైపు కొట్టుకుపోయింది. వంతెన కూలిపోవడంతో ట్యాంకర్లు రాలేదు. కుళాయి తిప్పితే ముందు గాలి, తర్వాత టీ రంగు నీళ్లు, తర్వాత అదీ లేదు. దుకాణాల్లో నీళ్ల సీసాలు ఒక్కపూటలో మాయమయ్యాయి. మన మేడ మీద నేనూ, కింద టైలరమ్మాయీ మిగిలాం. దాని మొగుడు లారీ మీద వెళ్లి ఎక్కడో చిక్కుపడ్డాడు. దానికి పాలు పడటం లేదు, బిడ్డకి డబ్బాపాలే దిక్కు.

మొదటిరోజే పైకి వచ్చింది. "పిన్నిగారూ, పెద్దాయన దాచిన క్యాన్లు ఉన్నాయిగా, ఒక సీసాడు నీళ్లిస్తారా?" అంది.

"పాతబడ్డాయని పారబోశాను, ఖాళీవే. ఆయన పోయాక ఎవరు నింపుతారు?" అన్నాను.

అబద్ధమాడిన నోటితోనే "నువ్వు కంగారుపడకు, నీళ్లు నేను తెస్తాను" అన్నాను. ఆ మంచం కింద చెయ్యి పెట్టకుండా ఉండటానికి నేను పడిన పాట్లు పగవాళ్లకి కూడా వద్దు. గీజరు స్విచ్చి తీసేసి, చల్లారనిచ్చి, కింద పైపు విప్పితే బకెట్టున్నర నీళ్లొచ్చాయి. అందులో నీళ్లుంటాయని ఎవరికి తోస్తుంది చెప్పు? మీ నాన్న అన్నం తింటూ చెప్పిన మాటలు, వినలేదనుకున్నాను గానీ అన్నీ విన్నానన్నమాట. ఫ్రిజ్‌లో ఐసు కరిగించాను. మేడమీద మొదటి జల్లు వదిలేసి, రెండో జల్లుకి ఉతికిన దుప్పటి నాలుగు మూలలా కట్టి మధ్యలో గిన్నె పెట్టాను. టైలరమ్మాయి కొత్త లైనింగ్ గుడ్డ నాలుగు మడతలు వేసి ఇస్తే దాంట్లో వడకట్టి, తేర్చి, బాగా తెర్లేదాకా కాచి చల్లార్చాను. "మీరూ పెద్దాయన అంతవారే పిన్నిగారూ" అంది అది. మేడంతా గాలిస్తున్నానే గానీ, నేను పడుకునే మంచం కింద నిండు క్యాన్లు ఐదు ఉన్నాయి.

తర్వాత వాన ఆగింది, ఎండ కాసింది. గీజరు నీళ్లయిపోయాయి. నేను నా వంతు తగ్గించుకున్నాను, నాకేం, నాలిక ఎండితే మాట్లాడటం తగ్గుతుందంతే. ఆ మధ్యాహ్నం కింద చప్పుడు లేదని దిగి చూశాను. టైలరమ్మాయి గుమ్మంలో కూర్చుని సంపులో అడుగున మిగిలిన నీళ్లు జాకెట్టు ముక్కలో వడకడుతోంది. ఆ సంపులోకి వీధి వరదంతా దిగిందని దానికీ తెలుసు. పక్కన పాలపొడి డబ్బా మూత తీసి ఉంది. పిల్ల ఏడ్చి ఏడ్చి గొంతు పోయి, నోరు మాత్రం తెరుస్తోంది.

"ఏంటే నువ్వు చేసేది?" అన్నాను.

"తేటగానే ఉన్నాయి పిన్నిగారూ. ఒక్కసారికే. ఇంకేం చేయమంటారు?" అంది. దాని కళ్లు చూడలేకపోయాను.

ఆ సీసా లాక్కుని బయట పారబోశాను. "పైకి రా. ఉన్నాయి. నిండుగా ఉన్నాయి. నీకు అబద్ధం చెప్పాను" అన్నాను. అది పిల్లని ఎత్తుకుని నా వెనకే వచ్చింది. తిట్టినా బాగుండేది.

మంచం కింద అన్నిటికంటే ఇవతలి అంచున ఉన్న క్యాను లాగాను. అంటే ఆరోజు ఆయన ఆఖరున నింపినది. ఆయన మూత అంటే మాటలా, అందుకే ముందే పానా, తడిగుడ్డ, అన్నీ పక్కన పెట్టుకున్నాను. క్యాను కదలకుండా టైలరమ్మాయిని మోకాళ్లతో పట్టుకోమన్నాను. మూత మీద చెయ్యి వేశాను.

ఊడి వచ్చేసింది అమ్మలూ. తిప్పను కూడా లేదు. మర మీద వంకరగా కూర్చుని ఉంది, అంతే. నీళ్లలో దుమ్ము, రెండు చీమలు.

"వదులుగా ఉందే" అంది టైలరమ్మాయి. నేను ఆ మూత పట్టుకుని అలాగే కూర్చున్నాను. దానికేం తెలుసు, పాపం, ఇంకో క్యాను తనే లాగింది. అది రెండు వేళ్లకి వచ్చింది. ఆ వెనకది అరచేతికి వచ్చింది. దాని వెనకది తడిగుడ్డ పెట్టి ఇద్దరం పళ్లు బిగిస్తే వచ్చింది. గోడ పక్కన ఉన్నది, ఆయన మొట్టమొదట నింపినది, చేతులతో ఎంత చేసినా కదల్లేదు.

ఒక్క పొద్దుటి పని అది. టీ తాగాక మొదలుపెట్టారు, అన్నం వేళకి అయిపోయింది. ఆ కాస్తలో మీ నాన్న చేతుల్లో సత్తువ ఎలా జారిపోయిందో ఆ మూతలు నాకు ఒక్కొక్కటిగా చెప్పాయి.

ఇప్పుడు అసలు మాట. ఇన్ని పేజీలూ దీనికోసమే తిరుగుతున్నాను. నాకు తెలియదు అన్నాను. తెలియదు నిజమే, కానీ చూడలేదని అనలేను. ఆరోజు నేను పక్కనే ఉన్నాను. రెండో క్యాను అయ్యాక "కాస్త టీ పెట్టవే" అన్నారు. మళ్లీ "ఆ గుడ్డ కాదు, ఇంకోటి తే" అన్నారు. నేను తిరిగి వచ్చినప్పుడల్లా గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నారు. "ఏంటి, ముసలితనం వచ్చేసిందా?" అని వేళాకోళమాడాను. "నీకు రాలేదుగా, అదే సంతోషం" అని నవ్వారు. ఆ నవ్వుకి నేనూ నవ్వాను. ఇంకొకటి కూడా ఉంది. ఆరోజు చివరి మూడు క్యాన్లూ ఆయన తలకిందులుగా పెట్టి చూడలేదు. ముప్పై ఏళ్లలో ఎన్నడూ మానని పని. మానారని నేను గమనించాను. గమనించి సంతోషించాను, నేల తుడిచే పని తప్పింది కదా అని.

నువ్వైతే పట్టేసేదానివి. నువ్వు నర్సువి. నీకు ఫోన్లో 'ఇవాళ నాన్న క్యాన్లు తిప్పి చూడలేదే' అని ఒక్క మాట, వేళాకోళానికైనా చెప్పి ఉంటే, నువ్వు ఆ రాత్రికే బయల్దేరేదానివి. ఆ మాట చెప్పాలని నాకు తోచలేదు. తోచలేదనే మాటతో ఇంక ఎన్నాళ్లు బతకాలో తెలియడం లేదు. ఆ క్యాన్ల ముందు కూర్చుని ఏడ్చినంతగా ఆయన పోయినప్పుడు కూడా ఏడవలేదు నేను. టైలరమ్మాయి బిడ్డని నా ఒళ్లో పడేసి, తనే నీళ్లు కాచి, పాలు కలిపింది. పిల్ల గుటకలు వేస్తుంటే దాని తలమీద నా కన్నీళ్లు పడుతూనే ఉన్నాయి, అది మాత్రం సీసా వదల్లేదు.

నీళ్లు పాతబడినా చెడిపోలేదు. కాచి, ఆ గిన్నెలోంచి ఈ గిన్నెలోకి పోస్తే రుచి కూడా వచ్చింది. పైపు బాగుపడేదాకా మూడు క్యాన్ల నీళ్లు మా ముగ్గురికీ సరిపోయాయి. చీమలు పడ్డ నీళ్లు మాత్రం పారబోయలేక పిల్ల గుడ్డలు ఉతకడానికి ఇచ్చాను. ఇప్పుడు కుళాయి వస్తోంది. ఖాళీ అయిన నాలుగూ కడిగి, నింపి, నేనే బిగించాను. తలకిందులు పెడితే రెండు కారాయి. మళ్లీ బిగించాను.

నీకు నా మీద కోపం ఉంటే అది న్యాయమైనదే. నేను నిన్ను క్షమించమని అడగడం లేదు. ఉత్తరం చించేసినా నేనేమీ అనుకోను, నిజం ఒకసారి నీకు చేరాలి, అంతే.

కానీ ఒక్కటి అడుగుతాను. సెలవు దొరికితే వస్తానని రాయకు, సెలవు అడిగి రా. వచ్చి ఎదురుగా కూర్చుని నన్ను నోరారా తిట్టు. ఆ తర్వాత మంచం కిందకి వంగు. గోడ పక్క క్యాను ఇంకా అక్కడే ఉంది. పానా పెడితే మాకు వచ్చేదే, నేనే పెట్టనివ్వలేదు. ఆసుపత్రికి నువ్వు వచ్చేసరికి మీ నాన్న చెయ్యి చల్లబడిపోయింది, ఆ చల్లటి చెయ్యే పట్టుకుని వెళ్లిపోయావు. ఆయన గట్టి చెయ్యి ఒక్కటి మిగిలింది తల్లీ. అది నీదని దాచాను.

ఇట్లు,
నీ రాక కోసం చూస్తూ,
అమ్మ