ఎడమ రెక్క బ్రాకెట్లు

లాంకషైర్,
అక్టోబరు 17, 1948.

తమ్ముడు హెడ్లీకి అన్న ఆశీస్సులు. మోకాళ్ళ నొప్పులు తప్ప అమ్మ బాగానే ఉంది, నేనూ బాగానే ఉన్నాను. నువ్వూ కులాసా అని తలుస్తాను.

మన జెట్ బాంబర్ ఎగిరిందా అని అడిగావు. ఇంకా లేదు, రెక్కలు ఇప్పుడే బిగిస్తున్నారు. ప్రొపెల్లర్ లేకుండా విమానం లేస్తుందంటే అమ్మ ఇప్పటికీ నమ్మదు. తన రేషను చక్కెర మాత్రం నువ్వొస్తావని సీసాలో దాస్తోంది. ఇంట్లో ఉన్నవాడికి చప్పటి టీయే.

ఫ్లీట్‌వుడ్ రేవులో చేపలు తూస్తూ హాయిగా ఉన్నానని, ఇక జన్మలో పెన్సిలు పట్టనని రాశావు. అది చదివాకే ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను.

దాచడమెందుకు, నువ్వంటే నాకు అసూయ. పదకొండేళ్ళుగా ఆ విమానాల డ్రాయింగు ఆఫీసులో ఉన్నా ప్రధాన డిజైనరు నా పేరు సరిగ్గా పలకలేదు. నువ్వు చేరిన ఆర్నెల్లకే నీ బల్ల దగ్గర నిలబడి, ఇంజన్ని రెక్కకు ఎలా పట్టిద్దామని నిన్ను సలహా అడిగాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నీ డ్రాయింగుల్లో తప్పులు పట్టే పని నాదే కదా. రోజూ వెతికేవాణ్ణి, దొరికేవి కావు.

మన పద్ధతి నీకు తెలిసిందే. కుడి రెక్క భాగం ఒక్కటే గీసి, ఎడమ రెక్కది దీన్ని తిరగేసినట్టు చేయాలని కింద ఒక వరుస రాస్తాం. ఆ వరుస లేకుండా ఇంజన్ని రెక్కకు పట్టి ఉంచే నీ బ్రాకెట్టు డ్రాయింగు వర్క్‌షాపుకు వెళ్ళింది. నలభై బ్రాకెట్లూ కుడి రెక్కవే తయారయ్యాయి. ఫోర్మన్ క్లెగ్ అందరి ముందూ, "ఏమయ్యా హెడ్లీ, రెండు కాళ్ళకీ కుడి చెప్పే కుట్టావే" అన్నాడు. నువ్వు ఆ వారమే మానేశావు. నాకూ చీవాట్లు పడ్డాయి. తమ్ముడి మీద నమ్మకంతో సరిగా చూడలేదన్నాను. అందరూ నా మీద జాలిపడ్డారు.

అంత ముఖ్యమైన వరుస ఎలా మరిచానా అని ప్రతి ఉత్తరంలోనూ అడుగుతున్నావు. నువ్వు మరవలేదు హెడ్లీ, రాశావు. నకలు దించే ట్రేసింగు అమ్మాయిల చేతికి వెళ్ళేముందు ఆ కాగితం నా బల్ల మీద ఉంది. రబ్బరు పెట్టి నేనే చెరిపాను.

నిన్న ఈ మాటే ప్రధాన డిజైనరుకు చెప్పాను. ఆయన, "ముందు హెడ్లీని రమ్మని రాయి. నీ సంగతి తర్వాత" అన్నాడు. నా ఉద్యోగం ఊడబోతుంటే కూడా, ఆయన మొదట నీ పేరే ఎత్తాడని నాకు కడుపు మండింది. నేను ఇలాంటివాణ్ణే. అయినా నువ్వు రా.

అమ్మకింకా చెప్పలేదు. నీ ముందే చెబుతాను.

ఇట్లు,
ఇంకా నీ అన్ననేనని రాసుకుంటున్న
నోరిస్.